పండగ చీరల్లో వరికోత

మేము పొలం చేరేసరికి కోత అయిపోయింది.

ఇస్సాకు మామ గట్టు పక్కన బండి ఆపాడు. ముందు నేను దిగి, నాయనకు చెయ్యి అందించి దించి, మెడలోని కెమెరా సర్దుకుని తలెత్తాను. వారం కిందట వచ్చి చూసి వెళ్లినప్పుడు ఆ మడిలో మొలగొలుకుల వరి నడుమెత్తున పండి, సముద్రపు గాలికి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇప్పుడు వరికొయ్యలు మాత్రమే ఉన్నాయి. కోసిన వరి పనలు వరసగా పరిచి ఉన్నాయి. కొంగలు తాపీగా తిరుగుతూ పురుగులు ఏరుకుంటున్నాయి. ఆ కొయ్యల నడుమ ఊళ్లోని కోతగాళ్లంతా, ఆడా మగా, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే వరసలో నిలబడి ఉన్నారు. మగవాళ్లు మడత గీతలు పోని తెల్లచొక్కాలు తొడిగారు. ఆడవాళ్లు జరీ అంచు చీరలు కట్టి, తలలు నున్నగా దువ్వి, కనకాంబరాలు పెట్టుకున్నారు. అందరి చేతుల్లోనూ కొడవళ్లు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకున్నట్టు వాటిని గుండెకు ఆనించి పట్టుకున్నారు. ఎవరూ కదలడం లేదు.

మామ మా అమ్మకు అన్న. ఆ పొలం ఆయనదే. చిల్లకూరు నుంచి దారి పొడుగునా ఆయన ఎందుకు ముసిముసిగా నవ్వుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

"ఏం కోడలా, ఎట్టుండాది?" అన్నాడు.

"కోత యాడ మామా?"

"కోసేసినాం గదా. వేకువన దిగినారు మనోళ్లు. నువ్వు ఎండలో కాచుకోనుండే పనిలేకుండా చేసినాం. ఇంక నొక్కుకోవడమే."

నా మొహంలో ఏం కనిపించిందో, వరసలో నుంచి కోతగాళ్ల పెద్ద మార్తమ్మ గట్టిగా అడిగింది. "ఏం పాపా, ఇంకా ఎవరన్నా రావాల్నా? ఊరంతా ఈడే ఉండాదే. మా ముసలామెని గూడా మోసుకొచ్చినాం."

నాకు కావలసింది వంగిన నడుములు, కదిలే కొడవళ్లు, సగం కోసిన మడి. అది దొరక్కపోతే మా ఇంట్లో కెమెరా ఉండదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మొన్న వేసవిలో నన్ను చూడడానికి వచ్చిన గ్రేస్ అనే అమ్మాయి. ముత్తుకూరు దగ్గర పోర్టు ఆఫీసులో పని చేస్తుంది. మా మామ ఊరే ఆమెదీ. వాళ్ల ఊరి ప్రార్థన మందిరం రేకులు తీసి శ్లాబు వేయిస్తున్నారు. ఆ రోజు నేను తీసి ఇచ్చిన, అన్నేళ్లూ ఆ గోడకు వేలాడిన ఫోటోను చీరగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అద్దం వెనక ఒక మూల చెమ్మ పట్టి గోధుమరంగు మరక తేలింది. మిగతాదంతా నేను కడిగి ఆరేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకోగానే నాకు హైపో వాసన వచ్చింది. ఫోటోకు ఆ వాసన ఎప్పుడో పోయి ఉంటుంది. నాకు పోలేదు.

హైపో అంటే ఫోటో కాగితం మీద బొమ్మ నిలబడిపోవడానికి ముంచే మందునీళ్లు. గూడూరులో మా ఇంటి ముందుగది నాయన స్టూడియో. వెనక మేము ఉండేవాళ్లం. మధ్యాహ్నం అయ్యేసరికి స్నానాలగది డార్క్‌రూమ్ అయిపోయేది. కిటికీకి నల్లగుడ్డ కట్టి, గుమ్మం కింద గోనెపట్టా దూర్చి, నాయన లోపల ఎర్రదీపం పెట్టుకునేవాడు. అప్పటికల్లా ఇంట్లో అందరి స్నానాలూ అయిపోవాలి. కాలేదంటే మర్నాడే. చుట్టాలు వచ్చినప్పుడు ఈ సంగతి వాళ్లకు చెప్పే బాధ్యత అమ్మది. బావినీళ్లు చల్లగా ఉంటాయని ప్రింట్లు కడగడానికి అమ్మ గంగాళాన్నే నాయన వాడేవాడు. కడిగినవి పెరట్లో బట్టల తీగ మీద, అమ్మ ఆదివారం కట్టే తెల్లచీరల పక్కన వేలాడేవి. కొత్త పెళ్లికొడుకులు, పోలీసులు, చంటిపిల్లలు, నిమ్మకాయల వ్యాపారులు గాలికి ఊగుతూ ఆరేవాళ్లు. చేపల పులుసు పెట్టిన రోజు అమ్మ ముందుగా ఒక చుక్క అరచేతిలో వేసుకుని రుచి చూసి, "ఈరోజు గూడా మీ మందు వాసనే" అనేది. నాయన మాత్రం అన్నం ముందు చేసే ప్రార్థన ఏమాత్రం తగ్గించకుండా పూర్తి చేసి, "నాకేం తెలియడంలేదే" అని రెండోసారి వడ్డించుకునేవాడు.

స్టూడియోలో ఒక తెర ఉండేది. సినిమా బోర్డులు రాసే ఒకాయన వేసిన నది, మెట్లు, రెండు హంసలు. సంతరోజున చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కూలీలు వచ్చి ఆ నది ముందు నిలబడేవాళ్లు. నాయన వాళ్లకు సబ్బు, దువ్వెన, పౌడరు ఇచ్చేవాడు. చొక్కా లేనివాళ్ల కోసం మేకుకు ఒక కోటు వేలాడేది. బురద కాళ్లతో వస్తే బావి దగ్గరికి పంపేవాడు. అన్నీ అయ్యాక, "గాలి పీల్చి ఆపండి" అనేవాడు. జీవితమంతా పొలంలో గడిపిన మనిషిని ఆయన ఒక్కసారి కూడా పొలంలో ఫోటో తీయలేదు. ఫోటో అంటే స్నానం చేసి నిలబడేదని మా ప్రాంతపు పల్లెలకు నేర్పింది మా నాయనలాంటి వాళ్లే. ఆ రోజు పొలంలో నేను చూసిన వరసకు మూలం మా స్టూడియోలోనే ఉందని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు.

నాకు ఆయన నేర్పిన పాఠం ఒక్కటే. రంగు మర్చిపోవడం. అమ్మ కూర తరుగుతుంటే పళ్లెంలోంచి ఒక పచ్చిమిరపకాయ, ఒక పండుమిరపకాయ తీసి నా ముందు పెట్టేవాడు.

"ఫోటోలో ఏది నల్లంగా పడతాదో చెప్పు."

మొదట్లో ఎర్రది అనేదాన్ని. "కళ్లు చిట్లించి చూడు. రంగు చూడబాక, వెలుగు చూడు," అనేవాడు. చూడగా చూడగా రెండూ ఒకటే బూడిదగా కనిపించడం మొదలైంది. పసుపు తెల్లబడేది. మునగాకు, ఇటుక, అమ్మ నీలం రవిక అన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయేవి. "ఉన్న రంగులన్నీ దానికి పోగొడతావుండావు. రేపు చీరలంగట్లో అది ఏం కొనుక్కుంటాది?" అని అమ్మ నాయన మీద విసుక్కునేది. నిజంగానే బజార్లో నడుస్తూ ఎదురొచ్చే మనుషుల్ని తెలుపు నలుపుల్లో చూసుకునేదాన్ని. కొన్నాళ్లకు కెమెరా పైఅద్దంలో రంగులున్నా నా కంటికి ఆనేవి కాదు. నడుం దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగిచూసే రెండు కళ్ల కెమెరా మాది. స్టూడియోలో ఉండే పెద్దదాని కన్నా నాయనకు ఇదే ప్రాణం. పాత ధోవతి ముక్కతో తుడిచి బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు.

తర్వాత ఆయన కళ్లకు పొరలు కమ్మాయి. ముందు పెద్దగా చెప్పలేదు. ఫోటోలు మసకగా వస్తుంటే మందునీళ్లు చెడిపోయాయని అన్నాడు. ఒక పెళ్లిలో పెళ్లికూతురి బదులు వెనక గోడ స్పష్టంగా పడ్డాక ఒప్పుకున్నాడు. "నాకిప్పుడు లోకమంతా సరిగా కడగని ప్రింటే," అని తనే నవ్వాడు. తడ నుంచి ఒక స్టూడియో ఆయన వచ్చి కెమెరా చూసి వెళ్లాడు. కోతలు కాగానే వచ్చి తీసుకుపోతానన్నాడు. అమ్మ నాకు టీచరు ట్రైనింగు అర్జీ తెప్పించింది. అమ్మ ఆలోచనలో తప్పేమీ లేదు. మా సంఘంలో చదువుకున్న ఆడపిల్ల అయితే టీచరు, లేకపోతే నర్సు. కెమెరా పట్టుకుని ఊళ్లు తిరిగే ఆడపిల్ల ఎవరూ లేరు. డార్క్‌రూమ్ పనంతా అప్పటికి నేనే చేస్తున్నా, బయట చెప్పుకునే పని కాదు అది.

నిమ్మకాయల కమీషను వ్యాపారం చేస్తూ ఒక దినపత్రికకు వార్తలు పంపే సుబ్బరామయ్య గారు మా స్టూడియోలో పేపరు చదువుకోవడానికి రోజూ వచ్చేవారు. తన పేపర్లో ఆదివారం పేజీకి కోతల ఫోటో ఒకటి కావాలంటున్నారని, పట్నం ఫోటోగ్రాఫర్లు సముద్రం పక్కకు ఇంత దూరం రారని ఆయనే ఒక మధ్యాహ్నం మాటల్లో అన్నారు. నేను తీస్తానన్నాను. సుబ్బరామయ్య గారు నాయన వైపు చూశారు. నాయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అవి తుడిచి ప్రయోజనం లేదని ఆయనకూ తెలుసు.

"పేపర్లో ఒక్కటి పడనీ," అన్నాడు చివరకు. "పడితే కెమెరా ఇంట్లోనే ఉంటాది. దాన్ని పట్టుకునేది నువ్వే. పడకపోతే తడ ఆయనకి ఇచ్చేస్తా. మళ్లా ఏడవగూడదు."

"ఆడపిల్లతో పందెమా?" అంది అమ్మ లోపలి నుంచి.

"పందెం కాదు. నా కంటికి కనపడదు గదా. బాగుండాదో లేదో ఇంకొకరు చెప్పాల."

ఫిల్ము దొరకడం కష్టంగా ఉన్న రోజులు. మద్రాసు నుంచి ఎవరైనా తెస్తే ఉన్నట్టు. కెమెరాలో ఉన్న రోల్లో రెండు తప్ప అన్నీ ఒక బాప్తిస్మం ఫోటోలకు అయిపోయాయి. మిగిలినవాటితోనే కోత తీయాలి. అందుకే వారం ముందు ఒంటరిగా వెళ్లి మామ పొలం చూసి, ఎండ ఏ పక్క నుంచి వస్తుందో, గట్టు మీద ఎక్కడ నిలబడాలో చూసుకున్నాను. ఫోటో తీస్తానని మార్తమ్మతో చెప్పాను. చెప్పకుండా వెళ్లి ఉంటే కోత దొరికేది.

పొలంలో నేను గట్టు మీదే నిలబడిపోతే నాయన గొడుగు ఆనుకుని నా పక్కకు వచ్చాడు. ఆయనకు అక్కడ పొడుగ్గా తెల్లటిదేదో కనిపిస్తోంది.

"సున్నం గోడ మాదిరి ఉండాదేందమ్మా?"

"మనుషులు నాయనా. కోసేసినారు. స్నానాలు చేసి నిలబడుండారు."

ఆయన భుజాలు కదిలేటట్టు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. మార్తమ్మకు ఏదో పొరపాటైందని తెలిసిపోయింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కొయ్యలు దాటుతూ వచ్చింది.

"ఏంది పాపా, కోసేటప్పుడు తియ్యాలనుకున్నావా?"

అవునన్నాను.

"కోసేటప్పుడు ఏముంటాది? వీపులు తప్ప. బురద కాళ్లు, చెమట మొహాలు. ఆ మాదిరి పేపర్లో పడితే మా పిల్లకి సంబంధం ఎట్టా వస్తాది చెప్పు. కోతల పండక్కి కట్టాల్సిన చీరలు ముందే తీసినాం నీ కోసరం. లేనోళ్లకి ఉన్నోళ్లం ఇచ్చినాం. ఒక్కరు గూడా పాతది కట్టలా, చూసుకో."

కోతల పండుగ అంటే మా చర్చిల్లో కొత్త పంట తెచ్చి దేవునికి అర్పించే ఆదివారం. ఆ చీరలు పెట్టెల్లోంచి మళ్లీ క్రిస్మస్ వరకు బయటికి రావు. అన్నీ వెంకటగిరి నేతవే. కలరా ఉండల వాసన గాలికి గట్టు దాకా వస్తోంది.

మామకు అప్పటికి బాధ మొదలైంది. చెల్లెలి కూతురికి సాయం చేయబోతే ఇలా అయిందే అన్నట్టు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. పక్క మడులు కూడా కోసేశారు. మిగిలినవి పచ్చిగా ఉన్నాయి.

"దానికేం. మళ్లీ నిలబెడదాం," అన్నాడు నాయన. జీవితమంతా తెర ముందు బల్లలు, పూలకుండీలు సర్దిన మనిషి ఆయన. "పనలు కొయ్యల్లో గుచ్చండి. ముందు వరస చాలు. ఇద్దరు వంగి కొడవలి ఆనించండి. ఫోటోలో ఎవరికి తెలస్తాది?"

మామకు ప్రాణం లేచొచ్చింది. తెల్లచొక్కాల వాళ్లు నలుగురు పరిగెత్తి పనలు తెచ్చి కొయ్యల మధ్య నిలబెట్టడం మొదలుపెట్టారు. నిలబెట్టినవి నిలబెట్టినట్టే కూలబడుతున్నాయి. ఒక్కటి మాత్రం అటూ ఇటూ ఊగి, ఒక పక్కకు వాలి, పడనా వద్దా అన్నట్టు ఆగింది.

మార్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని దాన్ని తేరిపార చూసింది. "అచ్చం మా ఆయన గూడూరు సంత నుంచి వచ్చినట్టే ఉండాది," అంది.

వరస చెదిరిపోయింది. ముందు ఆడవాళ్లు, తర్వాత మగవాళ్లు, ఆఖరికి కోటు వేసుకుని బిగుసుకుని నిలబడ్డ మార్తమ్మ మొగుడు కూడా నవ్వాడు. కొడవళ్లు గుండెల మీద నుంచి కిందికి జారాయి. ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె ఎందుకు నవ్వుతున్నారని పక్కవాళ్లను అడుగుతోంది. ఆ నవ్వులకే కూలినట్టు పన పడిపోయింది. దాని వెన్నులు కొన్ని విరిగి చెల్లాచెదురయ్యాయి. వరస చివర నిలబడ్డ ఒకామె, అంత నవ్వులోనూ, చటుక్కున వంగి ఆ వెన్నులు ఏరడం మొదలుపెట్టింది. పండగ చీర, పూలు, ఫోటో అన్నీ ఆమె చెయ్యి మర్చిపోయింది. రాలిన వెన్ను కనిపిస్తే ఏరడం దానికి అలవాటు.

నేను అప్పుడు నొక్కాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ స్పష్టంగా పడాలని ముందే లెన్సు రంధ్రం చిన్నది చేసి, షట్టరు వేగం తగ్గించి పెట్టుకుని ఉన్నాను. అందుకని నిలబడి నవ్వినవాళ్లు పడ్డారు, వంగినామె పడీ పడనట్టు పడింది. వంగిన నడుము, విసురుగా చాచిన చెయ్యి, వెడల్పు అంచు తెలుస్తాయి. మొహం మీద చెంగు నీడ. ఆ తర్వాత అందరూ సర్దుకుని మళ్లీ నిలబడ్డారు. నాయన "గాలి పీల్చి ఆపండి" అని అరిచాడు. వాళ్లకు కావలసిన ఫోటో కూడా తీశాను. రోలు అయిపోయింది. తర్వాత కడిగితే, రోలు కొసకు వెలుగు తగిలి ఆ రెండో ఫోటోలో వరస చివర తెల్లబడిపోయింది. మామ ఇంట్లో ఆ పూట చేపల పులుసు, కొత్తబియ్యం అన్నం. హైపో వాసన లేని పులుసు తిని నాయన, ఏదో తక్కువైందన్నాడు.

నవ్వుతున్న ఫోటోనే సుబ్బరామయ్య గారికి ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, కవర్లో పెట్టుకున్నారు. తర్వాత కొన్ని రోజులు ఆయన మా గుమ్మం ఎక్కినప్పుడల్లా నాయన గొంతు సవరించుకునేవాడు. తడ ఆయన దగ్గర నుంచి కబురు కూడా వచ్చింది. ఒకరోజు సుబ్బరామయ్య గారు వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పేపరు డెస్కులో అడుగుతుండారమ్మాయ్, ఇది పండగా, కోతా అని. జరీ చీరలతో వరి కోసే ఊరు మన జిల్లాలో యాడుందో చెప్పమంటుండారు."

నాయన డబ్బాలోంచి కెమెరా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఉండు, పూర్తిగా విను. వేసేది లేదని అనలా. ఆ చివర ఒకామె వంగి ఏరుకుంటావుండాదే, ఆమెని చూసి పడేయలేకుండా ఉండారంట. ఉత్త ఫోటో వేస్తే చదివేవాడికి అర్థం గాదు. ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు."

"నాకు రాయడం రాదండీ."

"ఇప్పుడు నాకు చెప్పు, పొలంలో ఏమైందో."

చెప్పాను. మార్తమ్మ మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అదే, చెప్పినట్టే రాయి. ఒక్కటి గుర్తు పెట్టుకో. ఫోటోలో మనిషుంటే పేరుండాల. ఎడమ నుంచి కుడికి. ఒక్క పేరు గూడా తప్పు పడగూడదు."

వంటింటి గుమ్మంలో కూర్చుని రాశాను. ఉల్లిపాయలు తరుగుతూ అమ్మ వినేది. బాగా రాశానని నేను అనుకున్న వాక్యాలన్నిటికీ "ఇది ఎవరు మాట్లాడతారు?" అనేది. అవి కొట్టేశాను. పేర్ల కోసం మామకు కబురు పంపితే ఆయనే బస్సెక్కి వచ్చాడు. ప్రింటు వెలుగులో పట్టుకుని ఒక్కొక్కరినీ వేలితో తాకుతూ, పేరూ ఇంటిపేరూ చెప్పుకుంటూ పోయాడు. చివరకొచ్చి ఆగాడు.

"ఈమె ఎవరబ్బా? సలోమి మాదిరి ఉండాది. రాహేలు గూడా కావచ్చు. ఆ చివరోళ్లల్లో ఈమె ఒక్కటే ఫోటోలో పడింది. చెరువు పక్కనుంచి ఒకామె వచ్చినట్టుందే, కోతలకి..." వేలు అక్కడే ఉంచి చాలాసేపు చూశాడు. ప్రతి ఏడాదీ చేపలు తగ్గిన రోజుల్లో పులికాట్ చెరువు పక్క ఊళ్ల నుంచి బెస్తవాళ్ల ఆడవాళ్లు ఒకరిద్దరు మా పక్క కోతలకు వచ్చేవాళ్లు. "చీర చూసి చెబుదామంటే ఎవరి చీర ఎవరు కట్టుకున్నారో ఆ రోజు. తప్పు చెప్పలేను కోడలా. మరొకరు అని రాయి."

అలాగే రాశాను. ఫోటో పడిన ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో పేపరు కొన్నాం. అచ్చులో మొహాలు సగం మసైపోయాయి. కాని వంగినామె వంగినట్టే ఉంది. నాయన కాగితం మొహం దగ్గర పెట్టుకుని సిరా వాసన చూశాడు. నేను రాసింది నాచేత చదివించుకున్నాడు. అన్ని పేర్లూ విన్నాడు. చివర "మరొకరు" దగ్గర తలూపాడు.

"తెల్లచొక్కాల మీద మడతలు తెలస్తావుండాయా?"

"లేదు నాయనా. అంతా ఒకటే తెలుపు."

"పేపరోళ్లకి కడగడం రాదు," అన్నాడు తృప్తిగా. ఆ సాయంత్రం తడ ఆయనకు కబురు వెళ్లింది. ట్రైనింగు అర్జీ ఏమైందో నేను అడగలేదు. కొన్నాళ్లకు అమ్మ పాత చీరతో కెమెరాకు ఒక సంచీ కుట్టింది. భుజానికి వేసుకుంటే సైకిల్ తొక్కడానికి అడ్డురాకుండా పట్టీ పొడుగు పెట్టింది.

శ్రీహరికోటకు రాకెట్లు ఇంకా రాని రోజులవి. ఆ తర్వాత చాలా కోతలు తీశాను. ముందు చెప్పకుండా వెళ్లడం నేర్చుకున్నాను. రాసిన నాలుగు ముక్కల వల్లే పేపరు వాళ్లు మళ్లీ అడిగారు. అలా ఫోటోల కన్నా రాతే ఎక్కువై, డెస్కు మీదికి చేరి, అక్కడే తల నెరిసింది. ఎన్ని వేల ఫోటోల కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాశానో. కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా "తదితరులు" అని రాసుకొస్తే వెనక్కి పంపేదాన్ని. ఎందుకంత పట్టుదల అని వాళ్లకు కోపం వచ్చేది.

ఇప్పుడు మామ పొలంలో కోత మిషను దిగుతుంది. అటు గట్టు నుంచి ఇటు గట్టుకు వచ్చేలోపు వడ్లు ట్రాక్టరులోకి పోసేస్తుంది. వంగేవాళ్లు లేరు. ఆ నడుం నొప్పులు ఎరిగిన ఇళ్లలో దాని గురించి ఎవరికీ బెంగ లేదు, నాకూ లేదు. గ్రేస్ తన ఫోనులో మిషను ఫోటోలు చూపించింది. దాని మీద కూర్చున్న కుర్రవాడు నల్లకళ్లద్దాలు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. ఫోటో తీస్తున్నానని ముందే చెప్పిందట.

ఆమె వచ్చిన పని మాత్రం మామ వేలు ఆగిన చోటే ఆగింది. కొత్త మందిరంలో ఆ ఫోటో మళ్లీ పెడుతూ, కింద గోడ మీద అందరి పేర్లూ రాయించాలని సంఘం నిర్ణయించింది. వంగినామె తమ అవ్వ సలోమి అని గ్రేస్ వాళ్లు అంటున్నారు. ఆ వెడల్పు అంచు చీర ఆకుపచ్చదని, పెళ్లయ్యాక అత్తగారు పెట్టిందని వాళ్ల అమ్మ చెప్పేదట. కాదు, అది ఎర్రచీర, మా నాయనమ్మ రాహేలుదని ఇంకో ఇంటివాళ్లు. ఈ గొడవ ఎలా చేరిందో చెరువు పక్క ఊరికి చేరి, నాగమ్మ అనే ఆమె కొడుకులిద్దరు వచ్చారు. ఎవరో క్రైస్తవుల పండగ చీర తనకు కట్టి ఫోటో పెట్టె ముందు నిలబెట్టారని వాళ్లమ్మ చనిపోయేదాకా చెప్పుకుని నవ్వేదట. ఏ రంగో చెప్పలేదు. ఈ ముగ్గురు ఆడవాళ్లవీ వేరే ఫోటోలు ఎక్కడా లేవు.

"మీరు తీసినారు గదమ్మా. మీరు ఏది చెబితే దానికి ముగ్గురూ ఒప్పుకుంటామన్నారు. ఎర్రదా, ఆకుపచ్చదా?" అంది గ్రేస్.

నెగెటివు నా దగ్గరే ఉంది. ఆమె ఆఫీసులో ఎవరో దాన్ని కంప్యూటరులో పెద్దది చేసి చూశారు. నీడ పెద్దదైంది గాని మొహం రాలేదు. నేను కళ్లు మూసుకుని ఆ ఉదయం మొత్తం తలుచుకున్నాను. గాలి గుర్తుంది, పన ఊగడం గుర్తుంది, నవ్వు గుర్తుంది. చీర బూడిదరంగులోనే గుర్తుంది. వంటింట్లోకి వెళ్లి ఒక పచ్చిమిరపకాయ, ఒక పండుమిరపకాయ తెచ్చి బల్ల మీద పెట్టి, ఫోనులో రంగు తీసేసి ఫోటో తీయమన్నాను. తీసి, చాలాసేపు చూసింది.

"ఏది ఏదో తెలియడం లేదమ్మా," అంది.

మందిరం ప్రతిష్ఠకు నేనూ వెళ్లాను. మూడు ఇళ్లవాళ్లూ వచ్చారు. నాగమ్మ కొడుకులు బుట్టెడు రొయ్యలు తెచ్చి వంటవాళ్లకిచ్చారు. రాహేలు మనవరాలు, సలోమి మనవరాలు ఫోటో ముందు పక్కపక్కన నిలబడి తమ చేతుల్ని ఆ చాచిన చేతితో పోల్చుకుంటున్నారు. నాగమ్మ పెద్దకొడుకు కూడా చెయ్యి చాపి చూపించాడు. ఫోటో కింద గోడ మీద పేర్లన్నీ నీలం రంగులో ఎడమ నుంచి కుడికి ఉన్నాయి. "మరొకరు" అని రాయడానికి ఎవరూ ఒప్పుకోలేదట. చివర ఒక పేరు పట్టేంత చోటు వదిలేశారు.